షల్, మే: చట్టంలో రెండు క్రియలు, పౌరుడి హక్కు



జస్టిస్ కోకా సుబ్బారావు గారి స్మృతిలో మాట్లాడే అవకాశం ఇచ్చిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. ఆయన పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది 1967 ఫిబ్రవరి 27న వెలువడిన గోలక్‌నాథ్ తీర్పు. ప్రాథమిక హక్కులను హరించేలా రాజ్యాంగాన్ని సవరించే అధికారం పార్లమెంటుకు లేదన్న ఆ తీర్పు గురించి ఎన్నో సభల్లో చెప్పుకున్నాం. రాజమండ్రిలో పుట్టి, 1954లో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయి, దేశ ప్రధాన న్యాయమూర్తి స్థానం దాకా వెళ్లిన ఆయన జీవితమూ మీకు తెలిసిందే. ఈ రోజు నేను ఆయన రాసిన మరో తీర్పును ఆధారం చేసుకుని మాట్లాడతాను. అది ఒక సబ్‌ఇన్‌స్పెక్టర్ ఉద్యోగానికి సంబంధించిన కేసు. అందులోని ముఖ్యమైన ప్రశ్నల్లో ఒకటి ఒక ఇంగ్లీషు క్రియ మీద నడిచింది. ఆ క్రియ 'షల్'. చట్టాల్లో దాని పక్కనే ఎప్పుడూ కనిపించే మరో క్రియ 'మే'.

ఈ రెండింటి తేడా ఏమిటని అడిగితే న్యాయశాస్త్రం మొదటి ఏడాది విద్యార్థి కూడా తడుముకోకుండా చెబుతాడు. షల్ అంటే చేసి తీరాలి, మే అంటే చేయవచ్చు. ఈ జవాబు తప్పు కాదు గానీ, దీనితో కోర్టులో పని జరగదు. ఈ రెండు మాటల తేడా నిఘంటువులో తేలదు. చేయాల్సిన పని చేయకపోతే నష్టపోయేది ఎవరు, ఆ నష్టానికి జవాబు చెప్పాల్సింది ఎవరు అని అడిగినప్పుడే తేలుతుంది. ఈ సభలో నేను నిలబెట్టదలచిన మాట ఇదే.

ముందు ఆ మాటల పుట్టుక చూద్దాం. పాత ఇంగ్లీషులో షల్‌కు మూలమైన క్రియకు అర్థం బాకీ ఉండటం. జర్మన్ భాషలో అప్పుకు వాడే 'షుల్ట్' అనే మాట దీనికి బంధువే. మే అన్న మాట శక్తి కలిగి ఉండటం అన్న అర్థం నుంచి వచ్చింది. బలం అని అర్థమిచ్చే 'మైట్' దాని తోబుట్టువు. అంటే మొదట్లో ఒకటి రుణం, మరొకటి అధికారం. తర్వాతి కాలంలో ఇవి రెండూ చెరో పక్కదారి పట్టాయి. షల్ భవిష్యత్తును చెప్పే సహాయక క్రియగా మారింది. ఉత్తమ పురుషలో షల్, మిగతా చోట్ల విల్ అన్న నియమాన్ని 1653లో జాన్ వాలిస్ తన వ్యాకరణంలో రాస్తే, అది రెన్ అండ్ మార్టిన్ దాకా వచ్చి మన బళ్లలో తరతరాల పిల్లలు వల్లె వేశారు. మే అన్నది అనుమతినీ చెబుతుంది, సంభవాన్నీ చెబుతుంది. వాన రావచ్చు అన్నా మే, లోపలికి రావచ్చు అన్నా మే. చట్టం రాసేవారు భవిష్యత్తునూ సంభవాన్నీ పక్కనపెట్టి, ఈ మాటల పాత అర్థాలనే పట్టుకున్నారు. చట్టంలో షల్ కనిపిస్తే ఎవరో ఎవరికో బాకీ పడ్డారని, మే కనిపిస్తే ఎవరి చేతికో అధికారమో వెసులుబాటో వచ్చిందని అనుకోవాలి.

ఈ రెండూ ఒకే వాక్యంలో ఎలా పనిచేస్తాయో చూడాలంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ తెరవండి. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనూ 1973 నాటి కోడ్‌లోనూ ఇది 154వ సెక్షన్. ఎఫ్‌ఐఆర్‌కు పుట్టిల్లు ఇదే. కాగ్నిజబుల్ నేరం జరిగిందన్న సమాచారాన్ని, అది ఏ స్టేషన్ పరిధిలో జరిగినా సరే, నోటితోగానీ ఎలక్ట్రానిక్ మార్గంలోగానీ స్టేషన్ అధికారికి ఇవ్వవచ్చు. ఇక్కడ ఉన్నది మే. ఇచ్చే మనిషి పౌరుడు, ఎలా ఇవ్వాలో ఎంచుకునే వెసులుబాటు అతనిది. ఆ వెంటనే క్రియ మారుతుంది. నోటితో చెబితే అధికారి దాన్ని రాతలో పెట్టాలి, చదివి వినిపించాలి, చెప్పిన మనిషి సంతకం తీసుకోవాలి. ఎలక్ట్రానిక్‌గా వస్తే, ఇచ్చిన మనిషి మూడు రోజుల్లో సంతకం చేశాక రికార్డులోకి ఎక్కించాలి. తర్వాతి ఉపసెక్షన్ ప్రకారం కాపీని వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. ఇవన్నీ షల్. పౌరుడి వైపు మే, అధికారి వైపు షల్. చదువు రాని మనిషి స్టేషన్ గడప తొక్కి నోటితో చెప్పిన మాట కూడా కాగితం మీదికి ఎక్కి తీరాలంటే, ఆ ఒక్క క్రియే దానికి ఆధారం. విద్యార్థులు ఏ సెక్షన్ చదివినా ముందు క్రియను, ఆ వెంటనే దాని కర్తను వెతికి పట్టుకోవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

అయితే అన్ని సెక్షన్లూ ఇంత తేటగా ఉండవు. 1880లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చిన జూలియస్ వర్సెస్ ఆక్స్‌ఫర్డ్ బిషప్ కేసు చూడండి. ఒక చర్చి గురువు పూజావిధానం నచ్చని స్థానికుడు బిషప్‌కు ఫిర్యాదు చేశాడు. విచారణ సంఘాన్ని వేయడం బిషప్‌కు చట్టసమ్మతం అని 1840 నాటి చట్టం చెబుతోంది. ఆ పదబంధంలో షల్ ఉంది. అందుకని బిషప్ సంఘం వేసి తీరాలా? అక్కర్లేదు, ఆ మాటలు అధికారం ఇస్తున్నాయే తప్ప బాధ్యత మోపడం లేదు అని లార్డ్స్ అన్నారు. అంటే అక్కడ షల్ ఉన్న పదబంధం మే చేసే పని చేసింది. అంతటితో ఆగకుండా లార్డ్ కెయిర్న్స్ ఒక సూత్రం చెప్పారు. ఇచ్చిన అధికారం ఎవరి మేలు కోసం ఇచ్చారో వాళ్లు వచ్చి అడిగినప్పుడు, ఆ అధికారానికి బాధ్యత కూడా జతపడవచ్చు. అలాంటి సందర్భంలో మే సైతం షల్ బరువు మోస్తుంది. నూట నలభై ఏళ్లు దాటినా మన కోర్టులు ఈ సూత్రాన్ని వదల్లేదు.

మన దేశంలో ఇందుకు ఎదురుగా చెప్పే కేసు 1957 నాటి మన్‌బోధన్ లాల్ శ్రీవాస్తవ కేసు. ప్రభుత్వోద్యోగి మీద క్రమశిక్షణ చర్య తీసుకునే ముందు పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను సంప్రదించాలని రాజ్యాంగం 320వ అధికరణం చెబుతోంది. ఆ మాట షల్. సరిగా సంప్రదించకుండా చర్య తీసుకుంటే అది చెల్లదా? చెల్లుతుంది అని సుప్రీంకోర్టు అంది. కమిషన్ సలహా ప్రభుత్వాన్ని కట్టిపడేయదు, కొన్ని విషయాలను సంప్రదింపు నుంచి మినహాయించే వీలు ఆ అధికరణంలోనే ఉంది, సంప్రదించకపోతే ఏమవుతుందో ఎక్కడా చెప్పలేదు. ఈ కారణాలతో ఆ షల్‌ను మన వకీళ్ల భాషలో డైరెక్టరీ అన్నారు. పాటించడమే సరైన పద్ధతి, పాటించనంత మాత్రాన పని రద్దు కాదు అని దాని భావం.

ఇంతవరకూ వచ్చాక, షల్‌కు విలువేముంది, జడ్జి ఏమంటే అదేనా అన్న సందేహం ఎవరికైనా కలుగుతుంది. సుబ్బారావు గారి తీర్పు అవసరమయ్యేది సరిగ్గా ఇక్కడే.

ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ బాబూరామ్ ఉపాధ్యాయ కేసు 1960లో తేలింది. 1953 సెప్టెంబరులో ఒక సబ్‌ఇన్‌స్పెక్టర్ దర్యాప్తు ముగించుకుని తిరిగి వస్తూ దారిలో ఒక మనిషిని అనుమానించి సోదా చేశాడు. అతని మూటలో నోట్లున్నాయి. తిరిగి ఇచ్చిన నోట్లు లెక్కపెడితే 250 రూపాయలు తగ్గాయని ఆ మనిషి ఫిర్యాదు చేశాడు. పోలీసు అధికారి మీద కాగ్నిజబుల్ నేరం ఆరోపణ వస్తే దాన్ని మొదట క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారమే నడపాలని యూపీ పోలీసు నిబంధనల్లో 486వ పేరా చెబుతోంది. అక్కడా మాట షల్. పై అధికారులు ఆ దారి తొక్కకుండా శాఖాపరమైన విచారణ జరిపి అతన్ని ఉద్యోగం నుంచి తీసేశారు. మెజారిటీ తరఫున సుబ్బారావు గారు తీర్పు రాస్తూ ఆ షల్ పాటించి తీరాల్సినదేనని, ఆ తొలగింపు చెల్లదని తేల్చారు. గజేంద్రగడ్కర్, వాంఛూ న్యాయమూర్తులు విభేదించారు.

ఫలితం కన్నా ఆయన అక్కడికి చేరిన దారి ముఖ్యం. షల్ అని ఉంటే అది తప్పనిసరి అనే మొదట అనుకోవాలి, ఆ తర్వాత చట్టం ఆత్మను వెతకాలి అన్నారాయన. దానికి వరసగా చూడాల్సినవి చెప్పారు. చట్టం స్వభావం ఏమిటి, దాని రూపకల్పన ఎలాంటిది? ఇలా చదివితే ఏమవుతుంది, అలా చదివితే ఏమవుతుంది? ఆ నియమాన్ని తప్పించుకునే వీలు మరో సెక్షన్‌లో ఉందా? పాటించకపోతే ఏం చేయాలో చట్టమే చెప్పిందా, శిక్ష పెట్టిందా? వచ్చే పర్యవసానం పెద్దదా, చిన్నదా? అన్నిటికీ మించి, చట్టం తలపెట్టిన పని దీనివల్ల నెరవేరుతుందా, చెడిపోతుందా? ఆనాటి నుంచి ఈ వరస మన హైకోర్టుల తీర్పుల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తూనే ఉంది. ఇందులో నాకు విలువైనదిగా తోచేది, కోర్టు మొదటి అడుగు ఎటు వేయాలో ఆయన ఖరారు చేయడం. షల్ తప్పనిసరి కాదు అనేవాడే కారణాలు చూపించాలి. ఆ బరువు పౌరుడి నెత్తిన పడదు.

పర్యవసానం రాయడం ఎంత తేడా తెస్తుందో రెండు ఉదాహరణలు చెబుతాను. సివిల్ దావాలో ప్రతివాది జవాబు దాఖలు చేయడానికి 30 రోజులు, కోర్టు పొడిగిస్తే 90 రోజులకు మించకుండా గడువు ఉంది. ఆ మించకూడదన్న చోట షల్ ఉంది. అయినా 2005లో కైలాష్ వర్సెస్ నన్హకు కేసులో సుప్రీంకోర్టు దాన్ని డైరెక్టరీ అంది. గడువు దాటితే ఏమవుతుందో చట్టం చెప్పలేదు, తగిన కారణం ఉంటే అరుదుగానైనా అనుమతించవచ్చు అంది. వాణిజ్య దావాలకు అదే నియమాన్ని సవరించినప్పుడు మాత్రం చట్టసభ జాగ్రత్తపడింది. 120 రోజులు దాటితే ప్రతివాది జవాబు వేసే హక్కు కోల్పోతాడు, కోర్టు దాన్ని తీసుకోకూడదు అని స్పష్టంగా రాసింది. 2019లో సుప్రీంకోర్టు ఆ గడువును సడలించడానికి వీల్లేదని చెప్పింది. రెండు చోట్లా క్రియ ఒకటే, పక్కన పర్యవసానం ఉండటమే తేడా.

రెండో ఉదాహరణ సమాచార హక్కు చట్టం, 2005. ఈ ఒక్క చట్టంలోనే రెండు రకాల షల్‌లు ఉన్నాయి. దరఖాస్తు వచ్చిన 30 రోజుల్లోగా, ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటల్లోగా సమాచారం ఇవ్వాలని 7వ సెక్షన్ చెబుతుంది. గడువులోగా ఏ నిర్ణయమూ తీసుకోకపోతే తిరస్కరించినట్టే లెక్క, అప్పీలుకు దారి తెరుచుకుంటుంది. గడువు దాటాక సమాచారం ఇస్తే రుసుము తీసుకోకూడదు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి, అతని వాదన విన్నాక, రోజుకు 250 రూపాయల చొప్పున 25 వేలు మించకుండా జరిమానా వేయాలని 20వ సెక్షన్ కమిషన్‌ను ఆదేశిస్తుంది. బాకీ ఎంత, ఎవరిది, తీర్చకపోతే ఏమవుతుంది, అన్నీ రాసి ఉన్నాయి. అదే చట్టం 4వ సెక్షన్ చూడండి. కార్యాలయం నిర్మాణం, అధికారుల విధులు, బడ్జెట్టు, లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకుండానే 120 రోజుల్లోగా ప్రకటించాలని అందులో ఉంది. అక్కడా షల్లే. ప్రకటించకపోతే నేరుగా జరిమానా మాత్రం లేదు. 7వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టినవాడికి జవాబు వస్తుందన్న ఆశ ఉంది. 4వ సెక్షన్ కింద ఎన్ని కార్యాలయాలు తమంతట తాము వివరాలు ప్రకటించి, వాటిని ఎప్పటికప్పుడు సరిచేస్తున్నాయో ఈ సభలో ఉన్న సమాచార హక్కు కార్యకర్తలకు నేను చెప్పనక్కర్లేదు.

షల్‌ను పలుచన చేస్తే ఏమవుతుందో గుండె పిండేసే ఉదాహరణ అమెరికాది. 1999లో కొలరాడో రాష్ట్రం కాజిల్ రాక్ పట్టణంలో, దూరంగా ఉండాలన్న కోర్టు ఉత్తర్వు ఉన్నా ఒక తండ్రి తన ముగ్గురు కూతుళ్లను తీసుకుపోయాడు. తల్లి పోలీసులను మళ్లీ మళ్లీ వేడుకుంది. అలాంటి ఉత్తర్వును ఉల్లంఘించినవాణ్ణి అరెస్టు చేయాలని, వీలుకాకపోతే వారెంటు తెచ్చుకోవాలని రాష్ట్ర చట్టం షల్ అన్న మాటతోనే చెబుతోంది. పోలీసులు కదల్లేదు. ముగ్గురు పిల్లలూ ప్రాణాలు కోల్పోయారు. ఆ తల్లి వేసిన కేసులో 2005లో అమెరికా సుప్రీంకోర్టు, ఎవరిని ఎప్పుడు అరెస్టు చేయాలన్నది తరతరాలుగా పోలీసుల విచక్షణే కాబట్టి ఆ షల్ ఆమెకు ఏ హక్కూ ఇవ్వలేదని మెజారిటీతో తేల్చింది. ఆ షల్ ఎవరి రక్షణ కోసం పుట్టిందో వాళ్ల వైపు నుంచి దాన్ని చదవలేదు. అమలు చేయాల్సిన వాళ్ల అలవాటు వైపు నుంచి చదివింది. నా అభ్యంతరం అక్కడే.

మన సుప్రీంకోర్టు ఇలాంటి ప్రశ్నకు మెరుగైన జవాబు చెప్పింది. 2013 నవంబరు 12న లలితా కుమారి కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, సమాచారంలో కాగ్నిజబుల్ నేరం కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి తీరాలని, 154వ సెక్షన్‌లోని షల్ పోలీసుకు విచక్షణ మిగల్చలేదని చెప్పింది. కుటుంబ తగాదాలు, వాణిజ్య వివాదాలు, వైద్య నిర్లక్ష్యం, అవినీతి ఆరోపణల వంటి కొన్ని సందర్భాల్లో మాత్రం ముందుగా ప్రాథమిక విచారణ జరపవచ్చని మినహాయింపు ఇచ్చింది.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త సంహిత ఇక్కడ ఒక మే చేర్చింది. మూడేళ్లు లేదా అంతకు మించి, ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ జరపవచ్చని 173వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ చెబుతోంది. ఎఫ్‌ఐఆర్ కోసం తిరిగే పేదవాడికి ఈ మే ఒక గోడ అవుతుందన్న భయం సహేతుకమే. అయితే ఇదే మే మరోవైపు నుంచి పౌరుణ్ణి కాపాడింది కూడా. ఒక కవిత విషయంలో ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ మీద గుజరాత్‌లో పెట్టిన కేసును 2025 మార్చి 28న సుప్రీంకోర్టు కొట్టేసింది. మాటకూ రాతకూ సంబంధించిన ఆరోపణల్లో, ఈ ఉపసెక్షన్ వర్తించే చోట ముందుగా ప్రాథమిక విచారణ జరపడమే ఎప్పుడూ సముచితమని, లేకపోతే వాక్ స్వాతంత్ర్యానికి అర్థం ఉండదని అంది. అంటే పౌరుడి స్వేచ్ఛ పణంగా ఉన్నప్పుడు ఆ మేకు దాదాపు షల్ బరువు వచ్చింది. దొంగతనం జరిగిందని ఫిర్యాదు చేసే మనిషికి నమోదు కావాలి, కవిత విషయంలో నిందితుడైన మనిషికి తొందరపాటు నుంచి రక్షణ కావాలి. రెండు చోట్లా అడగాల్సింది ఒకటే: ఈ క్రియ ఎవరి కోసం ఉంది?

ఈ గందరగోళం వదిలించుకోవడానికి కొన్ని దేశాలు షల్‌నే పక్కన పెట్టాయి. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగం విధిని 'మస్ట్' అన్న మాటతో చెప్పింది. అమెరికా ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ నియమాలను 2007లో తిరగరాసినప్పుడు షల్‌లను తీసి, సందర్భాన్ని బట్టి మస్ట్, మే వంటి మాటలు పెట్టారు. ఇది మంచి పనే. మస్ట్‌కు భవిష్యత్తు అన్న అర్థం లేదు కాబట్టి అయోమయం తగ్గుతుంది. మాట మారినంత మాత్రాన బాకీ వసూలైపోదని కూడా గుర్తుంచుకోవాలి. పక్కన పర్యవసానం లేని మస్ట్ కూడా ఏదో ఒక రోజు డైరెక్టరీ కాగలదు.

ఇక మన సంగతి. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో వ్యవహారాలకూ చట్టాల ప్రామాణిక పాఠాలకూ ఇంగ్లీషే ఆధారం. కేంద్ర చట్టాల అనువాదాలను ప్రాంతీయ భాషల్లో ప్రామాణిక పాఠాలుగా ప్రకటించే వీలు 1973 నాటి చట్టం కల్పించింది. అందువల్ల తెలుగులో చట్టం రాసేవారి మీదా, ఉత్తర్వు రాసేవారి మీదా పెద్ద బాధ్యత ఉంది. మనకు 'వలెను' ఉంది, 'వచ్చును' ఉంది. కానీ మన కార్యాలయాల ఉత్తరాల్లో ఈ రెండింటి కన్నా ఎక్కువగా కనిపించేది 'తగు చర్యలు తీసుకోబడును' అన్న వాక్యం. అందులో కర్త లేడు, గడువు లేదు. చర్య ఎవరు తీసుకుంటారో, ఎప్పటిలోగా తీసుకుంటారో, తీసుకోకపోతే ఎవరిని అడగాలో ఆ కాగితం పట్టుకుని ఇంటికి వెళ్లిన మనిషికి తెలియదు. 'దరఖాస్తు తిరస్కరింపబడవచ్చును' అన్నదీ అలాంటిదే. తిరస్కరించే అధికారం ఉందని చెబుతున్నారా, తిరస్కరించే ప్రమాదం ఉందని హెచ్చరిస్తున్నారా? దీన్ని 'పత్రాలు జతచేయని దరఖాస్తును తహసీల్దారు తిరస్కరించవచ్చు, తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వాలి' అని రాస్తే అధికారం ఎవరిదో, ఆ అధికారం వెంట వచ్చే బాకీ ఏమిటో ఒక్క వాక్యంలో తెలిసిపోతుంది. తెలుగుకు ఆ శక్తి పుష్కలంగా ఉంది.

విద్యార్థులకూ యువ న్యాయవాదులకూ నేను కోరేది మూడు పనులు. ఏ సెక్షన్ చదివినా ముందు క్రియ, తర్వాత కర్త, ఆ తర్వాత పర్యవసానం వెతకండి. పర్యవసానం రాసి లేని షల్ కనిపిస్తే, సుబ్బారావు గారు చెప్పిన వరసలో ఒక్కొక్క ప్రశ్నా వేసి, అది ఎవరి రక్షణ కోసం పుట్టిందో కోర్టుకు చూపించండి. ప్రభుత్వం తరఫున నిలబడినా సరే, కక్షిదారు కట్టాల్సిన గడువుల విషయంలో షల్‌ను ఇనుములా పట్టుకుని, కార్యాలయం చేయాల్సిన పనుల విషయంలో అదే షల్‌ను సడలించమని అడగకండి. షల్ అంటే మొదట్లో బాకీ అనే అర్థం. ప్రజాస్వామ్యంలో ఆ బాకీ పడ్డది అధికారంలో ఉన్నవారు, రావలసింది పౌరుడికి. దాన్ని అణా పైసలతో సహా వసూలు చేసి పెట్టడమే మన వృత్తి.